మా దగ్గర బాగున్న కాఫీ మీ ఇంట్లో ఎందుకు తేడా చేస్తుంది: సమస్య - పరిష్కారం

"పొడి మీ దగ్గర కొన్నదే, పాలు చిక్కనివే, ఫిల్టరు మా అమ్మ వాడినదే, అయినా ఇక్కడ తాగినట్టు రావడం లేదేమండీ?" హైదరాబాదులో మేము నడుపుతున్న చిన్న కాఫీ దుకాణంలో, గల్లాపెట్టె ముందు నిలబడి ఈ ప్రశ్న అడగని వారం లేదు. అడిగిన ప్రతివారికీ నిలబెట్టి జవాబు చెప్పడం రద్దీ వేళల్లో కుదరదు కనుక, ఇన్నేళ్లలో పదేపదే చూసిన తేడాలను, వాటి కారణాలను, సరిచేసుకునే పద్ధతులను ఇక్కడ రాస్తున్నాను. ఫిల్టరులో పొడి వేయడం, బిళ్లతో తేలికగా అదమడం, నీళ్లు పోయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

అన్నిటికంటే ముందు పొట్లం మీది తేదీ

ఏ ఫిర్యాదు వచ్చినా నేను మొదట అడిగేది పొడి ఎప్పుడు పట్టించారని. పదిమందిలో ఆరుగురు ఈ ప్రశ్నకు తడుముకుంటారు. గింజగా ఉన్నప్పుడు కొన్ని వారాలు నిలిచే పరిమళం, పొడి పట్టిన తరువాత గాలి తగిలే కొద్దీ తగ్గిపోతుంది. రెండు వారాలు దాటితే మిగిలేది రంగు, చేదు మాత్రమే. అరకిలో ఒకేసారి కొని, రోజూ మూత తీసి, పొయ్యి పక్కనే అరలో పెట్టి, నెల గడిచాక వాసన రావడం లేదంటే ఆ తప్పు గింజది కాదు. వంద గ్రాముల చొప్పున కొనండి, తడి చెంచా పెట్టకండి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ బయటికి తీస్తుంటే చల్లటి డబ్బా లోపల చెమ్మ పడుతుంది. కాఫీలో కలిపే చికోరీ వేరు పొడి చెమ్మను ఇట్టే పీల్చుకుంటుంది కాబట్టి ఆ పొడి కొద్ది రోజులకే ఉండకడుతుంది. ఈ తేదీ చూడకుండా కిందివి చదివి లాభం లేదు.

డికాక్షన్ దిగడం లేదు

సాధారణంగా పావుగంట నుంచి ఇరవై నిమిషాలలో దిగిపోవాలి. గంట గడిచినా పై గిన్నెలో నీళ్లు నిలిచి ఉంటే, పొడి మరీ మెత్తగా పట్టారని చాలామంది మా మీదికి వస్తారు. అది కారణమయ్యే సందర్భాలూ ఉన్నాయి కానీ, అంతకంటే ముందు పై గిన్నెను కడిగి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అడుగున చిల్లులు లెక్కపెట్టినట్టుగా చూడండి. సగం చిల్లులలోంచి వెలుతురు రాకపోతే అవి కాఫీ జిడ్డుతోనో, నీటి సున్నంతోనో మూసుకుపోయాయని అర్థం. స్టీలు ఫిల్టరయితే ఖాళీ గిన్నెను చిన్న మంట మీద కాసేపు ఉంచితే జిడ్డు కాలి రాలిపోతుంది. సున్నమైతే నిమ్మ ఉప్పు వేసిన నీళ్లలో మరిగించాలి. ఇత్తడి ఫిల్టరును మాత్రం మంట మీద పెట్టకండి. లోపలి కళాయి తగరం, అది 232 డిగ్రీలకే కరుగుతుంది. ఒక పూట సౌకర్యానికి ఫిల్టరంతా మళ్లీ కళాయి వేయించుకోవలసి వస్తుంది.

చికోరీ పాళ్లు ఎక్కువైనా డికాక్షన్ నెమ్మదిగా దిగుతుంది. అది పొట్లం మీదే రాసి ఉంటుంది: మన దేశంలో ఆహార భద్రతా నియమాల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఆ పాళ్లను పొట్లం మీద ముద్రించాలి.

నీళ్లలా పలుచగా దిగుతోంది

కొలత తప్పడమే ఇక్కడ కారణం. పాతిక గ్రాముల పొడికి నూట యాభై మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే, పొడి తన బరువుకు దాదాపు రెండింతల నీటిని తనలోనే ఉంచుకుని, వంద మిల్లీలీటర్ల డికాక్షన్ ఇస్తుంది. నలుగురికి సరిపోవాలని మరో గ్లాసు నీళ్లు పోసేవారు ఆ రెండో దింపును వేరే గిన్నెలో పట్టుకోవాలి తప్ప మొదటి దానిలో కలపకూడదు.

దీనికి దగ్గరి ఫిర్యాదు మరొకటి ఉంది. "అరకు కాఫీ అని పేరు విని కొన్నాను, పాలలో కలిపితే రుచే తెలియడం లేదు" అంటారు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ అరాబికా రకం నిజంగానే మంచి గింజ; కానీ చికోరీ లేకుండా మధ్యస్థంగా వేయించిన అరాబికాను ముప్పావు గ్లాసు పాలలో పోస్తే పాలే గెలుస్తాయి. అటువంటి పొడికి పాలు సగానికి తగ్గించండి, లేదా పాలు లేకుండా తాగండి. చికోరీ కలిపిన పొడి ఇచ్చే నల్లని రంగును చూసి అదే ఘాటు అనుకోవడం కూడా పొరపాటే, చికోరీలో కెఫీన్ ఉండదు.

పాలు విరుగుతున్నాయి

నిన్నటి డికాక్షన్, మొన్నటి పాలు కలిస్తే విరగక మానవు. డికాక్షన్ సహజంగానే పుల్లటి ద్రవం, నిలవ ఉంటే మరింత పులుస్తుంది. పులుపు మొదలైన పాలు విడిగా కాచినప్పుడు బాగానే కనిపించి, డికాక్షన్ పడగానే విరుగుతాయి. బెల్లం కాఫీ తాగేవారు బెల్లాన్ని డికాక్షన్‌లో కరిగించి, ఆ తరువాత పొయ్యి మీది నుంచి దించి కాస్త ఆరనిచ్చిన పాలు పోయాలి. మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే మేమైనా ఏమీ చేయలేము.

చేదు ఎక్కువగా ఉందనేవారు డికాక్షన్‌ను నేరుగా పొయ్యి మీద మరిగిస్తున్నారేమో చూసుకోవాలి. వేడి నీళ్ల గిన్నెలో డికాక్షన్ గిన్నెను ఉంచి వెచ్చబెడితే చాలు.

కాఫీ చప్పగా, సుద్ద నోట్లో పెట్టుకున్నట్టుగా ఉంది

అసలు ఈ వ్యాసం రాయించింది ఈ ఒక్క ఫిర్యాదు. పొడి తాజాగా ఉంటుంది, కొలత సరిగ్గా ఉంటుంది, డికాక్షన్ నల్లగా, కొంచెం నిదానంగా దిగుతుంది. తాగితే మాత్రం పరిమళం లేదు, కాఫీలో ఉండవలసిన సన్నని పులుపు లేదు, నాలుక మీద ఏదో మందంగా మిగిలిపోతుంది.

కొన్నేళ్ల క్రితం వేసవిలో, మా దగ్గర చాలాకాలంగా పొడి కొంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వచ్చి, "ఏమయ్యా, గింజ మార్చేశావా?" అని అడిగారు. "లేదండీ మాస్టారూ, అదే తోట, అవే పాళ్లు" అన్నాను. ఆ నెలలోనే అదే వీధి నుంచి మరో ముగ్గురు అదే మాట అన్నారు. నేను కంగారుపడి, అరాబికా కంటే ఘాటైన రోబస్టా గింజ పాళ్లు పెంచాను, వేయింపు ముదురు చేశాను, చికోరీ ఇరవై నుంచి పాతికకు తీసుకువెళ్లాను. రెండు నెలలు ఇలా గడిచాయి. ఫిర్యాదులు తగ్గకపోగా, అంతవరకు బాగుందన్నవారు కూడా చేదుగా ఉందనడం మొదలుపెట్టారు. నీళ్లు ఏమైనా మారాయా అని మాస్టారిని అడగకపోలేదు. "అదే కుళాయి, అవే మంచినీళ్లు" అన్నారు. నేను నమ్మాను.

చివరికి ఒకరోజు ఆయన ఇంటి నుంచి ఒక సీసాతో నీళ్లు తెప్పించుకుని, మా పొడితో, మా ఫిల్టరులో, మా నీళ్లతో ఒకటీ ఆయన నీళ్లతో ఒకటీ పక్కపక్కనే దించాను. ఆయన నీళ్లతో దించిన డికాక్షన్ తాగగానే నాకు విషయం అర్థమైంది. వేసవిలో కుళాయికి వచ్చే మంజీర నది నీళ్లు తగ్గేసరికి అపార్ట్‌మెంటువారు బోరు నీళ్లను, ట్యాంకరు నీళ్లను సాఫ్ట్‌నర్ గుండా పంపి పైన ట్యాంకులో కలుపుతున్నారు. కుళాయి అదే, నీళ్లు వేరు. తాగడానికి వారింట్లో ఆర్వో యంత్రం ఉంది. అయితే కాఫీకి ఎలాగూ మరిగిస్తాం కదా అని కుళాయి నీళ్లే పడుతున్నారు. ఈ చివరి వాక్యాన్ని నేను అప్పటినుంచి ఎన్ని ఇళ్లలో విన్నానో లెక్క లేదు.

సాఫ్ట్‌నర్ నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి స్థానంలో సోడియంను వదులుతుంది. అందువల్ల సబ్బు నురగ వస్తుంది, గిన్నెలకు తెల్లటి పొర పట్టదు, ఇంట్లోవారు నీళ్లు బాగున్నాయని నిశ్చింతగా ఉంటారు. కానీ నీటిలోని బైకార్బొనేటు ఎక్కడికీ పోదు. సోడియం, బైకార్బొనేటు కలిస్తే అది వంటసోడాయే. అంటే మీరు డికాక్షన్‌లో తెలియకుండానే చిటికెడు వంటసోడా వేస్తున్నారు. అది కాఫీలోని ఆమ్లాలను చంపేస్తుంది, పొడి పొరగుండా నీళ్లు దిగే వేగాన్నీ తగ్గిస్తుంది. మామూలు బోరు నీళ్లయితే కనీసం గిన్నె అడుగున సున్నం కనిపించి అనుమానం వస్తుంది. ఇక్కడ ఆ ఆనవాలు కూడా ఉండదు కనుకనే నేను మోసపోయాను.

టీడీఎస్ మీటరు కొని ముంచి చూస్తే సరిపోతుందని కూడా అనుకోకండి. అది నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుందే కానీ వాటిలో ఏది ఎంతుందో చెప్పదు. సాఫ్ట్‌నర్‌కు ముందూ తరువాతా దాదాపు అదే అంకె చూపుతుంది. సాఫ్ట్‌నర్‌కు అప్పుడప్పుడు ఉప్పు వేయాలి కనుక, సెల్లారులోకి వెళ్లి ఉప్పు బస్తాలు ఉన్నాయేమో చూడడం అంతకంటే నమ్మదగిన పరీక్ష. దానికంటే మంచిది నేను చేసిన పనే: ఒక లీటరు సీసా నీళ్లు కొని, ఒకే పొడిని, ఒకే కొలతతో, ఒకసారి ఆ నీళ్లతో, ఒకసారి మీ కుళాయి నీళ్లతో దించి, పాలు పంచదార లేకుండా రెండు చెంచాలు రుచి చూడండి. పాలు కలిపితే తేడా సగం కప్పబడిపోతుంది.

తేడా తెలిస్తే కాఫీకి కుళాయి నీళ్లు మానేయండి. అయితే ఆర్వో నీళ్లు నేరుగా వాడినా కొన్ని ఇళ్లలో మరో చిక్కు వస్తుంది. సర్వీసుకు వచ్చినవారు నీళ్లలో లవణాలు ఎంత మిగలాలో సరిచేసే టీడీఎస్ స్క్రూను పూర్తిగా బిగించి వెళితే నీళ్ల టీడీఎస్ లీటరుకు ఇరవై ముప్పై మిల్లీగ్రాములకు పడిపోయి, కాఫీ పలుచగా, నాలుకను కొరికేంత పుల్లగా వస్తుంది. తాగునీటికి మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిదే అంటుంది; కాఫీకి మాత్రం స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ వారు 75 నుంచి 250 మధ్య ఉండాలని, 150 దగ్గర ఉంటే మేలని చెబుతారు. 300 ఉన్న మున్సిపల్ నీళ్లు ఒక గ్లాసు, 30 ఉన్న ఆర్వో నీళ్లు ఒక గ్లాసు కలిపితే 165 వస్తుంది, అది చాలు. కలపడానికి బోరు నీళ్లు వాడకండి. అందులోని ఫ్లోరైడు వంటివి మరిగించినా పోవు. ఆర్వో లేక మున్సిపల్ నీళ్లే గట్టిగా ఉన్న ఇళ్లలో పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, అడుగున తెల్లగా దిగినదాన్ని కదపకుండా పైతేట తీసుకుని మళ్లీ కాచుకుంటే కొంత మెరుగవుతుంది. సాఫ్ట్‌నర్ నీళ్లకు ఈ చిట్కా పనిచేయదు, అందులో దిగడానికి కాల్షియం లేదు.

అరుదుగా ఎదురయ్యేవి

నిన్న వేయించిన గింజను ఈరోజే పట్టించి వాడితే నీళ్లు పోయగానే పొడి పొంగి బిళ్లను ఎత్తేస్తుంది. రెండు రోజులు ఆగితే సర్దుకుంటుంది. పీబెర్రీ కొన్నారు కనుక ఘాటు తగ్గిందన్న అనుమానం అనవసరం, అది కాయలో ఒంటిగా పెరిగిన గింజ, అంతే. మర మీద అంతకుముందు మసాలా పట్టారేమోనన్న సందేహం మా దుకాణానికి వర్తించదు, మీ వీధి పిండిమరలో పట్టించి ఉంటే మాత్రం వర్తిస్తుంది.

ఇవన్నీ చూసుకున్నాక కూడా తేడా పోకపోతే, వచ్చేటప్పుడు పొడి పొట్లంతో పాటు మీ వంటింటి కుళాయి నీళ్లు ఒక లీటరు సీసాలో పట్టుకురండి. ఉదయం పదకొండు దాటాక రద్దీ తక్కువగా ఉంటుంది, ఇద్దరం కలిసి దించి చూద్దాం.