నేవీ నుంచి బయటికొచ్చాక గవర్నమెంట్ జాబ్: జాయిన్ అయిన రోజే ఇవ్వాల్సిన కాగితం

మా విశాఖ మల్కాపురం వైపు నేవీలో పదిహేనేళ్లు సర్వీసు చేసి వచ్చిన కుర్రాళ్లు ముందు అడిగేది ఒకటే, అన్నా మాజీ సైనికుల కోటా ఎంత అని. సెంట్రల్ గవర్నమెంట్‌లో గ్రూప్ సీ (క్లర్కు స్థాయి) పోస్టులకి 10 శాతం, పీఎస్‌యూలు (గవర్నమెంట్ కంపెనీలు), గవర్నమెంట్ బ్యాంకుల్లో 14.5 (ఇందులో 4.5 డిసేబుల్ అయినోళ్లకీ, అమరులైన జవాన్ల కుటుంబాలకీ), మన స్టేట్‌లో 2.

వయసు గురించి భయపడకండి. మీ వయసులోంచి సర్వీసు తీసేస్తారు, మిగిలింది పోస్టుకి పెట్టిన వయసు లిమిట్ మీద 3 ఏళ్లు దాటకపోతే చాలు. 42 ఏళ్లోడు 20 ఏళ్లు సర్వీసు చేశాడనుకోండి, లెక్కకి వాడు 22 ఏళ్ల కుర్రాడే, ఇంట్లో మాత్రం మోకాళ్ల నొప్పులని మూలుగుతుంటాడు. టెన్త్ పాసై 15 ఏళ్లు చేసినోళ్లని సెంట్రల్ కోటాలో డిగ్రీ అడిగే గ్రూప్ సీ పోస్టులకి కూడా తీసుకోవచ్చు, టెక్నికల్ ఎక్స్‌పీరియన్స్ తప్పనిసరి కాకపోతే. రిటైర్ అవడానికి ఏడాది లోపు ఉంటే సర్వీసులో ఉండగానే అప్లై చేసేయొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. సివిల్ జాబ్‌లో ఒకసారి జాయిన్ అయ్యారా, ఇంక కోటా అయిపోయినట్టే. అయితే 2014 ఆగస్టు 14న డీవోపీటీ (సెంట్రల్ ఉద్యోగుల రూల్స్ చూసే డిపార్ట్‌మెంట్) ఒక ఆర్డర్ ఇచ్చింది, జాయిన్ అవకముందే వేరే పోస్టులకి అప్లై చేసుంటే వాటికి కోటా పనికొస్తుంది, కాకపోతే జాయిన్ అయిన వెంటనే ఆ అప్లికేషన్లన్నీ తేదీలతో సహా రాసి కొత్త ఆఫీసులో సెల్ఫ్ డిక్లరేషన్ ఇవ్వాలి. నేను తెల్లకాగితం మీద గీతలు కొట్టి పోస్టు పేరు, డిపార్ట్‌మెంట్, అప్లికేషన్ నంబరు, తేదీ రాసి పట్టుకెళ్తే సెక్షన్ క్లర్కు ఇదేటి గురూ, ఇలాంటిది ఎవరూ ఇవ్వలేదే అన్నాడు, అయినా వదల్లేదు, రెండో కాపీ మీద స్టాంపూ ఇన్‌వార్డ్ నంబరూ వేయించుకునే కదిలాను. నా బ్యాచ్‌మేట్ ఒకడు తర్వాత చూద్దాంలే అనుకున్నాడు, ఆర్నెల్లకి ఇంకా మంచి పోస్టు తగిలింది, సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో ఆ కాపీ అడిగారు, లేదు, తిరిగొచ్చేశాడు. కొత్త పోస్టుకి ఆ కాపీతో పాటు ఇప్పటి ఆఫీసు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే లెటరు) కూడా కావాలి.

పెన్షన్ ఆగిపోతుందేమో అని మా ఆడాళ్ల కంగారు. ఆఫీసర్ ర్యాంకు కన్నా కింద, 55 ఏళ్ల లోపు రిటైర్ అయినోళ్లకి సెంట్రల్‌లో జీతం ఫిక్స్ చేసేటప్పుడు పెన్షన్ లెక్కలోకే తీసుకోరు, రెండూ వస్తాయి.

చివర్న ఇంకోటి, మన తెలుగోళ్ల ఇంటిపేర్ల గొడవ. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, డిశ్చార్జ్ బుక్‌లో పూర్తి పేరు, అక్కడే ఆపేస్తారు. సర్వీసులో ఉండగానే సరిచేయించుకోండి, బయటికొచ్చాక నేవీ సెయిలర్ల రికార్డులు చూసే ముంబై బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కి ఉత్తరాలు రాస్తూ కూర్చోవాలి.