సషికో నేర్చుకుందాం – 3వ పాఠం: మోకాలి చిరుగుకు మాసిక

సషికో అంటే వరసలుగా సాదా కుట్టు వేసి గుడ్డను బలపరిచే జపాన్ కుట్టుపని. కిందటి పాఠంలో గళ్ల గుడ్డ మీద తిన్నటి వరసలు కుట్టారు. పైకి కనిపించే కుట్టు 3 మిల్లీమీటర్లు, మధ్యలో ఖాళీ 2 మిల్లీమీటర్లు. సూదిని కదలకుండా పట్టుకుని, గుడ్డనే కుచ్చులుగా దాని మీదికి ఎక్కించడం చేతికి అలవాటైందా? అయితే ఈ పాఠంలోకి రావచ్చు. కుట్లు ఇంకా పెద్దవీ చిన్నవీ పడుతుంటే మరికొన్ని వరసలు కుట్టి రండి, తొందరేం లేదు.

ఇవాళ పాత జీన్స్ మోకాలికి మాసిక వేస్తాం. కొత్త గుడ్డ మీద అందమైన నమూనా నేర్పకుండా చిరుగు దగ్గరికి తీసుకొచ్చానని అనుకోకండి. సషికోను పెంచింది అవసరమే. జపాన్ ప్రధాన ద్వీపానికి ఉత్తర కొసన ఉన్న అఓమొరిలో చలికి పత్తి పండదు. పైగా అక్కడి త్సుగరు సంస్థానం రైతులు నూలు బట్టలు కట్టకూడదని 1724లో కట్టడి చేసింది. పల్చటి నార బట్టలతో మంచుకాలం గడపాలి కాబట్టి ఆడవాళ్లు వాటి మీద దగ్గరదగ్గరగా దారం కుట్టి మందంగా, వెచ్చగా చేసుకున్నారు. ఒసాకా వైపు నుంచి ఓడల్లో వచ్చే పాత నూలు పేలికలకు ఆ ఉత్తరాది ఊళ్లలో ఎంతో గిరాకీ. పొర మీద పొర వేసి, అతుకు మీద అతుకు కుట్టి తరతరాలు వాడిన ఆ బట్టలనే ఇప్పుడు బోరో అంటున్నారు. ఇంట్లో బొంత కుట్టినవాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు.

2011 సునామీ తర్వాత ఇవాతె ప్రాంతంలోని ఒత్సుచి ఊళ్లో, ఇళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్లు పునరావాస శిబిరాల్లో సషికో మొదలుపెట్టారు. ఆ ఊరి చేతులు ఇప్పుడు స్నీకర్ల మీద కూడా కుడుతున్నాయి. నేటి డిజైన్ అంటే నాకు అలాంటిదే ఇష్టం. సషికోలా కనిపించే ప్రింటు వేసిన కొత్త చొక్కా కొంటే ఏ పాత బట్ట ఆయుష్షూ పెరగదు.

ఇక పనిలోకి వద్దాం. సాగే జీన్స్ వద్దు. సషికో దారం సాగదు, బట్ట సాగితే కుట్టు ముడతలు పడుతుంది. పూర్తి నూలు జీన్స్ తీసుకోండి. మోకాలి చుట్టూ గుడ్డ పరుచుకోవాలంటే కాలి బయటివైపు అతుకును ఓ 25 సెంటీమీటర్లు విప్పండి. లోపలివైపు అతుకు మామూలుగా మడిచి రెండు వరసలు కుట్టి ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి.

చిరుగును దగ్గరగా చూడండి. అడ్డంగా తెల్లటి దారాలు వేలాడుతున్నాయి కదా, అవి పేక. అరిగి తెగిపోయింది నిలువుగా ఉన్న నీలి పడుగు. ఆ తెల్ల దారాల్ని కత్తిరించకండి, మనకు పనికొస్తాయి.

ఇప్పుడు గుడ్డను కిటికీకి అడ్డంగా పట్టుకోండి. చిరుగు అరచేతిలో సగమే ఉన్నా, వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు కనిపించే చోటు దానికి రెండింతలు ఉంటుంది. ఆ పలుచబడ్డ చోటంతా దర్జీ సుద్దతో గీయండి. ఈ పాఠంలో నేను మీ నుంచి గట్టిగా కోరేది ఇదొక్కటే. మాసిక ఎంత ఉండాలో, కుట్టు ఎక్కడిదాకా పోవాలో ఆ గీతే చెబుతుంది. చిరుగంతకే మాసిక వేస్తే, బలమైన మాసిక పక్కనున్న బలహీనమైన గుడ్డను లాగి, నాలుగు ఉతుకులకే అంచు వెంట కొత్త చిరుగు పెడుతుంది.

మాసిక గుడ్డ ఆ గీతకు అన్ని వైపులా 2 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. జీన్స్ కంటే పలుచగా, బాగా ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డ మంచిది. పాత నేత లుంగీ ముక్క చక్కగా సరిపోతుంది. కొత్త గుడ్డే దొరికితే ముందు రెండుసార్లు ఉతికి ఆరేయండి, లేకపోతే తర్వాత కుదించుకుపోతుంది. దాని పడుగు, జీన్స్ పడుగు ఒకే దిక్కుగా పెట్టి, మాసికను జీన్స్ లోపలివైపు ఉంచి, మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపుకు కచ్చా కుట్టు వేయండి.

మన నమూనా ‘జూజి’, అంటే కూడిక గుర్తు లాంటి కుట్టు. మామూలుగా అడ్డ వరసలు ముందు కుడతారు. చిరుగు మీద మాత్రం నిలువు వరసలతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అవి వేలాడే తెల్ల పేక దారాల మీదుగా పోయి వాటిని మాసికకు అదిమి పెడతాయి. వరసకూ వరసకూ 5 మిల్లీమీటర్లు ఉంచి, కుట్లన్నీ పక్కపక్కన సరిగ్గా ఒకే ఎత్తులో పడేలా చూడండి. తర్వాత ప్రతి కుట్టుకూ నడుమ అడ్డ కుట్టు పడితే గుర్తు పూర్తవుతుంది.

ముడి వేయవద్దు. వరస మొదలుకు మూడు కుట్ల ముందు సూది దించి, మొదటికి వెనక్కి కుట్టుకుంటూ వచ్చి, వాటి మీదుగానే మళ్లీ కుట్టుకుంటూ పోతే దారం నిలబడుతుంది. వరస చివర తిరిగేటప్పుడు వెనకవైపు చిన్న వదులు ఉచ్చు ఉంచండి. ప్రతి వరస అయ్యాక బొటనవేలితో, చూపుడువేలితో గుడ్డను దారం పొడవునా నొక్కుతూ సాగదీయండి. ఇది మానేస్తే కుట్టు ఎంత బాగున్నా మోకాలు ముడుచుకుపోతుంది.

వరసలన్నీ ఒకే గీత మీద ఆపకండి. ఒకటి రెండు కుట్లు ఎక్కువ, ఇంకోటి ఓ కుట్టు తక్కువ, ఇలా ఎగుడుదిగుడుగా వదిలితే లాగుడు ఒకేచోట పడదు. చూడ్డానికి కూడా పెట్టె అతికించినట్టు కాకుండా, కుట్టు గుడ్డలోకి కలిసిపోయినట్టు ఉంటుంది.

పని అయ్యాక కచ్చా దారం తీసి, సుద్ద పోయేలా చల్లటి నీళ్లలో తడిపి ఆరేసి, వెనకవైపు నుంచి ఇస్త్రీ చేయండి. విప్పిన అతుకును మళ్లీ కుట్టేయండి. వచ్చే పాఠంలో మోచేతి చిరుగుకు ‘అసనొహ’ నమూనా కుడతాం. దానికి ఓ పాత పొడుగు చేతుల చొక్కా తీసి పక్కన పెట్టుకోండి.