పాత పెళ్లి క్యాసెట్టును ఇంట్లోనే డిస్కులోకి ఎక్కించడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలోని మా పాతింటి అటక దులుపుతుంటే ట్రంకు పెట్టెలో పదకొండు వీహెచ్‌ఎస్ క్యాసెట్లు దొరికాయి. నా పెళ్లివి మూడు, అక్క ఓణీల ఫంక్షన్‌ది ఒకటి, మిగతావి ఏవో రాసి లేవు. డీవీడీ డిస్కూ క్యాసెట్టూ రెండూ పట్టే కాంబో రికార్డర్ ఇంట్లో మూలన పడి ఉంది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు కొత్తది కొందామన్నా దొరకదు. ఈ క్యాసెట్లు ఆడించే వీసీఆర్ మిషన్లను చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది.

ముందు మిషన్ ముందువైపు ఏం రాసి ఉందో చూడండి. కాంబో అన్నవన్నీ రికార్డ్ చేయవు. కొన్ని డిస్కును ప్లే మాత్రమే చేస్తాయి. డబ్బింగ్ బటన్, అంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి కాపీ చేసే బటన్, ఉంటే మన పని అవుతుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన మిషనైతే వెనక వోల్టేజి చదవకుండా ప్లగ్గు పెట్టొద్దు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా పెడితే పొగే. పైగా బొమ్మను రికార్డ్ చేసే పద్ధతీ వేరు: అక్కడి క్యాసెట్లు ఎన్టీఎస్‌సీ, మనవి పాల్ (PAL). రెండూ చదివే మిషన్ కాకపోతే బొమ్మ నిలవదు.

తర్వాత క్యాసెట్టు సంగతి. తొందరపడితే నష్టం జరిగేది ఇక్కడే. క్యాసెట్టు మీద అద్దంలాంటి ప్లాస్టిక్ కిటికీలోంచి రీలు అంచులు చూడండి. పక్కనున్న చిన్న మీట నొక్కితే ముందు మూత లేస్తుంది, టేపు కూడా కనిపిస్తుంది. నల్లగా మెరుస్తుంటే సరే. తెల్లగా పిండి చల్లినట్టుంటే బూజు పట్టిందన్నమాట. మన కృష్ణా తీరపు ఉక్కకు ఇది మామూలే. అలాంటి దాన్ని మిషన్‌లో పెట్టకండి. ఆ బూజు టేపును చదివే హెడ్డుకు అంటుకుని తర్వాత పెట్టే మంచి క్యాసెట్టుకూ పాకుతుంది. దాన్ని విడిగా కవర్లో పెట్టి, టేపు శుభ్రం చేయడం తెలిసిన వాళ్లకే ఇవ్వండి.

క్యాసెట్టు వీపున, లేబుల్ అంటించే వైపు, ఒక చివర చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో విరిచేయండి. అది లేకపోతే ఆ టేపు మీద ఏ మిషనూ కొత్తగా రికార్డ్ చేయదు. డబ్బింగ్ బటన్లు అటూ ఇటూ రెండు దిక్కులకూ ఉంటాయి మరి. పొరపాటున ఖాళీ డిస్కును క్యాసెట్టు మీదకు ఎక్కించారనుకోండి, తలంబ్రాలు పోయినట్టే.

ఇప్పుడు క్యాసెట్టు పెట్టి, ప్లే చేయకుండా చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి చుట్టండి. ఏళ్ల తరబడి కదలని టేపు కాస్త సర్దుకుంటుంది. టీవీకి పసుపు వైరు బొమ్మకు, తెలుపు, ఎరుపు శబ్దానికి. కొత్త టీవీలో ఆ మూడు రంధ్రాలు లేకపోతే సన్నటి ఏవీ పిన్ను అడాప్టర్ కావాలేమో చూసుకోండి. బొమ్మ మీద అడ్డంగా గీతలు పరుగెడుతుంటే ట్రాకింగ్, అంటే హెడ్డు టేపును చదివే తీరు, సర్దాలి. చాలా మిషన్లలో ఛానల్ ప్లస్, మైనస్ బటన్లతోనే అవుతుంది. ఏ క్యాసెట్టు పెట్టినా ఇసుక రాల్చినట్టు చుక్కలే వస్తుంటే హెడ్డు మురికి పట్టినట్టే. ఇయర్‌బడ్‌తో తుడవొద్దు, దూది పోగులు చిక్కుకుంటాయి. క్లీనింగ్ క్యాసెట్టు వాడండి, లేదా పాత మెకానిక్‌ను వెతకండి.

ఖాళీ డిస్కు మామూలుగా 4.7 జీబీ. మిషన్‌లో రికార్డింగ్ నాణ్యత ఎంచుకునే మోడ్‌లుంటాయి: అన్నిటికన్నా స్పష్టమైన ఎక్స్‌పీలో గంట, ఎస్‌పీలో రెండు గంటలు, ఎల్‌పీలో నాలుగు గంటలు పడుతుంది. ఈ-180 (E-180) అని రాసి ఉన్న క్యాసెట్టు మూడు గంటలది. నేనైతే ఎల్‌పీలో కుక్కకుండా, ఎస్‌పీలో రెండు డిస్కులు చేస్తాను. డిస్కు ఖరీదెంతని! ఎక్స్‌పీ మాత్రం దండగ, క్యాసెట్టులో లేని స్పష్టత డిస్కులో ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటి దృశ్యం దగ్గర క్యాసెట్టు ఆపి, వీహెచ్‌ఎస్ నుంచి డీవీడీ వైపు బాణమున్న డబ్బింగ్ బటన్ నొక్కండి. టేపు ఎంతసేపు ఆడితే అంతసేపూ పడుతుంది, తొందర పెట్టే మార్గం లేదు. మిషన్‌ను ఇన్వర్టర్ లైనులో పెట్టండి. మధ్యలో కరెంటు పోతే డిస్కు పాడైపోవచ్చు. అంగట్లో కొన్న సినిమా క్యాసెట్లు చాలావరకు కాపీ కావు, వాటిలో అడ్డుకట్ట ఉంటుంది. వాటితో కుస్తీ పట్టకండి.

అయిపోయిందని డిస్కు తీసేయకండి. సెటప్ మెనూలోకి వెళ్లి ఫైనలైజ్ నొక్కాలి, అప్పుడే వేరే ప్లేయర్లలోనూ ఆడుతుంది. నేను ఇది మరిచి, మొదటి డిస్కు పట్టుకుని విజయవాడ పటమటలోని అక్క వాళ్లింటికి వెళ్లాను. బావగారు స్వీట్లు తెప్పించారు, పిల్లలు కింద చాప పరిచారు. ప్లేయర్ రెండు సార్లు గిర్రున తిరిగి డిస్కు లేదంది. మా మిషన్‌లో మాత్రం శుభ్రంగా ఆడేది! ఇంటికొచ్చి ఫైనలైజ్ చేస్తే నాలుగైదు నిమిషాల పని. మళ్లీ వెళ్లినప్పుడు మంగళసూత్రం కట్టే ఘట్టం దగ్గర అక్క రిమోట్ లాక్కుని మూడు సార్లు వెనక్కి తిప్పింది, పక్కన నిలబడ్డ మా తాతయ్య కోసం.

డిస్కు మీద పేరు రాసేటప్పుడు బాల్‌పెన్ను వాడకండి, గీరుకుంటుంది. మార్కరే వాడండి. డిస్కులూ కలకాలం ఉండవు కాబట్టి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోకి కూడా వేసుకోండి. క్యాసెట్లను మాత్రం పారేయలేదు, పుస్తకాల్లా నిలువుగా బీరువాలో పెట్టాను. నా పదకొండింటిలో రెండింటికి బూజు పట్టింది, వాటిని శుభ్రం చేయడానికి ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.