ఓగమ్ రాళ్లు చదువుదాం – 3: ముందు దిక్కు, తర్వాతే అక్షరం

ఓగమ్ అంటే ప్రాచీన ఐరిష్ భాషను రాతి అంచుల వెంట గీతలుగా, గాట్లుగా చెక్కిన లిపి. కిందటి పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలావాటిలో ‘ఇనమ్’ అనే పేరు ఉంది. నేనిచ్చిన గీతల్లో అలాంటి పేరు లేదు. అక్కడ ఉన్నది ‘మక్వి’, అంటే ‘కుమారుని’. తలకిందులుగా చదివితే అదే ఇనమ్ అవుతుంది. దీన్ని సరిచేయకుండా ముందుకు పోతే ఇకపై చదివే ప్రతి రాయీ తప్పే అవుతుంది. అందుకే ఈసారి చెప్పాలనుకున్న వంశనామాలను వాయిదా వేసి, దిక్కు సంగతి తేల్చుకుందాం.

పట్టిక మీకు కంఠతా వచ్చి ఉండాలి. గుర్తు చేయడానికి ఒక్కసారి చెబుతాను. అంచుకు కుడివైపు ఒకటి నుంచి అయిదు వరకు గీతలు: బ, ల, వ, స, న (ఇది బ వర్గం). ఎడమవైపు గీతలు: హ, ద, త, క, క్వ (ఇది హ వర్గం). అంచును దాటిపోయే వాలుగీతలు: మ, గ, ఙ, జ, ర. అంచు మీదే చెక్కిన గాట్లు: అ, ఒ, ఉ, ఎ, ఇ. వాలుగీతల్లో మూడోది, నాలుగోది రాళ్ల మీద ఎదురుకావనే అనుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. కుడి అంటే ఎవరి కుడి? రాతి ముందు నిలబడ్డ మీ కుడి కాదు. అంచు వెంట ఒక చీమ నడుస్తోందనుకోండి. దాని కుడి, దాని ఎడమ మాత్రమే లెక్క. శాసనం సాధారణంగా ఎడమ అంచు అడుగున మొదలై పైకి వెళుతుంది. చాలా రాళ్ల మీద అక్కడితో ఆగక శిరస్సు మీదుగా తిరిగి కుడి అంచు వెంట కిందికి దిగుతుంది. దిగేటప్పుడు చీమ కుడిచేయి మీకు ఎడమవైపు ఉంటుంది. అంటే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బ వర్గం గీతలు మీకు ఎదురుగా ఉన్న ముఖం మీదే పడతాయి. కొన్ని రాళ్ల మీద మాత్రం రెండో అంచునూ మళ్లీ అడుగు నుంచే పైకి చెక్కారు. అప్పుడు రెండో అంచులో బ వర్గం పక్క ముఖం మీదికి పోతుంది. కాబట్టి ఏ అంచు ఎటు నడుస్తోందో తేలకముందు ఒక్క అక్షరం కూడా కాగితం మీద పెట్టవద్దు.

ఈ పొరపాటు ఎక్కువగా పుస్తకాల పట్టికల వల్లే వస్తోంది. 1390 ప్రాంతంలో ఐర్లాండ్‌లో రాసిన బాలీమోట్ గ్రంథం అనే చేతిరాత పుస్తకంలో ఓగమ్‌ను అడ్డగీత మీద, ఎడమ నుంచి కుడికి రాశారు. అక్కడ బ వర్గం గీత కింద, హ వర్గం గీత పైన ఉంటాయి. రాళ్లలో ఎక్కువ భాగం అయిదు, ఆరు శతాబ్దాలవి. ఆ పుస్తకానికీ వాటికీ మధ్య ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల దూరం ఉంది. అడ్డపట్టికను మనసులో పెట్టుకుని నిలువు రాయి ముందుకు వెళ్లకండి. పట్టికను అపసవ్యంగా పావుచుట్టు తిప్పి, మొదలు అడుగుకు వచ్చేలా పట్టుకోండి, సరిపోతుంది.

రాయి పడి ఉంటే, లేదా అడుగు ఏదో తెలియకపోతే? ఇది తరచూ జరిగేదే. ఐర్లాండ్‌లో కెర్రీ కౌంటీలోని డన్లో రాళ్లు 1838లో బయటపడినప్పుడు ఒక నేలమాళిగ నిర్మాణంలో భాగంగా ఉన్నాయి. అలాంటప్పుడు నేను మొదటి అక్షరం నుంచి చదవను. ‘మక్వి’ కోసం వెతుకుతాను. ‘కుమారుని’ అనే ఆ మాట చాలా శాసనాల్లో ఉంటుంది: ఫలానావాని కుమారుడైన ఫలానావానిది అన్నదే వాటి మూస. ఒక వాలుగీత, ఒక గాటు, అయిదు గీతల గుత్తి. వాలుగీత ఉన్న వైపే మొదలు. ఆ దిక్కున నడుస్తున్నప్పుడు అయిదు గీతలూ ఎడమకు రావాలి. కుడికి వస్తే అది మక్వి కాదు, మరోచోట వెతకండి. గాట్లు అంచు మీదే ఉంటాయి గనుక దెబ్బ తగిలితే ముందు పోయేవి అవే. అందుకే నేను అచ్చులను చివర చూస్తాను, హల్లుల అస్థిపంజరాన్ని ముందు నిలబెడతాను. కొందరు పండితులు క్రమంగా ఒక్కో గాటూ లెక్కపెట్టుకుంటూ వెళతారు. నాకు ఈ దారే నమ్మకంగా ఉంటుంది.

కార్క్ కౌంటీలోని బాలీక్రోవేన్ రాయిని చూడండి. సుమారు అయిదు మీటర్ల ఎత్తున్న ఈ రాయి తెలిసిన ఓగమ్ రాళ్లన్నిటిలోకీ పొడవైనది. దాని మీద ‘మక్వి-దెక్కెద్దస్ అవి తురనియస్’ అని ఉంది. ‘అవి’ అంటే మనుమని లేదా వంశజుని. ఇక్కడ మక్వి మొదట్లోనే వచ్చింది, దానికి ముందు పేరేదీ లేదు. ఎందుకంటే మక్వి-దెక్కెద్దస్ మొత్తం ఒకే మనిషి పేరు. నమ్మకం కుదరకపోతే ఇంగ్లండ్‌లో డెవన్‌లోని టావిస్టాక్ లాటిన్ శాసనం ఉంది: ‘సరిని ఫిలి మక్కొదెకెతి’. ఫిలి అంటేనే కుమారుని. ఆ తర్వాత వచ్చిన మక్కొ పేరులో భాగమే. కాబట్టి మక్వి శాసనం మొదట్లో ఉంటే దాన్ని ‘కుమారుని’ అని విడదీయకండి.

వేల్స్‌లోని ఎగ్లుయిస్ గిమ్మిన్ రాయి మరో సంగతి చెబుతుంది. ఓగమ్ రాళ్లు పేర్కొన్నది దాదాపు అందరూ మగవారినే. అక్కడ మాత్రం కునిగ్ని కూతురు అవిటోరియా ఉంది. ‘ఇనిగెన’ అంటే కుమార్తె. పక్కనే లాటిన్ పాఠం ఉన్నందువల్ల ఓగమ్‌ను సరిచూసుకోవచ్చు. అందుకే కొత్తగా నేర్చుకునేవారికి వేల్స్ రాళ్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

ఇంతకీ పేర్లన్నీ ‘ఫలానావానిది’ అనే రూపంలో ఎందుకు? కొన్ని సమాధి గుర్తులు కావచ్చు. అయితే ప్రాచీన ఐరిష్ న్యాయగ్రంథాలు భూమి మీద హక్కుకు ఓగమ్ రాతిని సాక్ష్యంగా పేర్కొన్నాయి. తండ్రి పేరు, వంశం పేరు తప్పు చదివితే పొలం మరొకరికి పోతుంది. దిక్కు గురించి ఇంత పట్టుబట్టడానికి అదీ ఒక కారణం.

అభ్యాసం: డింగిల్ ద్వీపకల్పంలో బ్రాండన్ పర్వతం దగ్గరి అరగ్లెన్ రాయి. ఎ అంటే ఎడమ గీతలు, కు అంటే కుడి, వా అంటే వాలు, గా అంటే గాట్లు.

ఎ5 వా5 గా5 వా1 గా5 ఎ3 గా5 వా5 / వా5 గా2 కు5 గా1 కు5 కు5 / వా1 గా1 ఎ5 / ఎ4 గా2 వా1 గా2 వా2 గా1 కు5 కు5

మొదటి మాట ఒక క్రైస్తవ పూజారి హోదా. రాతి మీద శిలువలు కూడా ఉన్నాయి. మూడో మాటలో చివరి గాట్లు లేవు, అది చెక్కినవాడి లోపం కాదు, తర్వాతి కాలపు భాష. చదివాక మొత్తాన్ని నిలువు గీత మీద అడుగు నుంచి పైకి గీయండి. తర్వాత కాగితాన్ని తలకిందులు చేసి, అదే శాసనాన్ని కొత్తదన్నట్టు చదివి, వచ్చిన తప్పుడు పాఠాన్ని కూడా రాసి పంపండి. రెండింటిలో ఏది లేకపోయినా ఆ జవాబును నేను దిద్దను.