సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవట్లేదా? ముందు తాళం చూడండి

టో చేయించుకుని ఆటోనగర్ దాకా వచ్చినవాళ్లని నేను మొదట అడిగేది ఒకటే: "ఇంట్లో రెండో తాళం ఉంది కదండీ, దాంతో చూశారా?" మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కారు కొన్నరోజు బీరువాలో పెట్టిన తాళం, మళ్ళీ దాని ఊసే ఉండదు. దాంతో స్టార్ట్ అయిందంటే గొడవ బండిది కాదు, మీ చేతిలో ఉన్న తాళానిది. పైసా ఖర్చులేని పరీక్ష. టో బండివాడికి డబ్బులిచ్చాక కాదు, ఇవ్వకముందు చేసుకోండి.

తాళం అసలు తిరగట్లేదు

స్టీరింగ్‌ని అటూ ఇటూ కదుపుతూ తిప్పండి. చక్రం వంచి ఆపినప్పుడు స్టీరింగ్ లాక్ బిగుసుకుంటుంది, అంతే.

అప్పటికీ కదలకపోతే దుమ్ము, లేదా అరుగుదల. పక్కన పళ్ళు లేకుండా మధ్యలో వంకర గాడి ఉన్న మందపాటి తాళాలున్నాయే, లేజర్ కట్ అంటారు గానీ కోసేది మిల్లింగ్ కట్టరే. లాక్ లోపలి పలకలన్నీ ఆ గాడి వెంట సరిగ్గా కూర్చుంటేనే తిరుగుతుంది. గుంటూరు మిర్చి యార్డుకి రోజూ తిరిగే బండి ఒకటి వచ్చింది, తాళం కన్నంలో ఊదితే ఎర్రటి పొడి. గ్రాఫైట్ పొడి కొట్టించండి. కొబ్బరినూనె మాత్రం పోయకండి బాబూ, దుమ్ముతో కలిసి ముద్దవుతుంది.

అరిగిన తాళానికి డూప్లికేట్ తీయిస్తే ఆ అరుగుదల కూడా దిగుతుంది. కొత్త బండితో వచ్చిన తాళాల గుత్తికి నంబరున్న చిన్న బిళ్ళ ఉంటే, ఆ నంబరు ప్రకారం కోయించండి.

తాళం తిరిగింది, ఇంజిన్ మాత్రం అందుకోదు

కొన్ని బండ్లలో సెల్ఫ్ కూడా తిరగదు. కొన్నింట్లో తిరుగుతుంది గానీ అందుకోదు. ఇంకొన్ని స్టార్టయి రెండు సెకన్లలో ఆగిపోతాయి. మీటర్లో తాళం బొమ్మ లైటు ఆరకుండా మిణుకుతోందా? అయితే ఇమ్మొబిలైజర్, అంటే తాళంలోని చిప్ సరైనదైతేనే ఇంజిన్‌ని నడవనిచ్చే దొంగతనం అడ్డుకునే ఏర్పాటు, మీ తాళాన్ని గుర్తుపట్టట్లేదు.

"రిమోట్‌తో డోర్లు తెరుచుకుంటున్నాయి కదా, తాళం బానే ఉంది" అంటారు. నన్నూ ముంచింది ఆ మాటే. గుంటూరు అరండల్‌పేట నుంచి వచ్చిన కారు అది. రిలే మార్చాను, సీటు లేపి పెట్రోలు పంపు చూశాను, క్రాంక్ సెన్సార్ మార్చాను. ఒకటిన్నర రోజు పోయింది. లైటు మిణుకుతూనే ఉంది, నేనే చూడలేదు. చివరికి ఆయన మాటల్లో మాటగా, "మొన్న తాళం కవరు పగిలితే కొత్తది తెప్పించి నేనే మార్చానండీ" అన్నాడు. పాత కవరు ఏదంటే పిల్లాడి బొమ్మల డబ్బాలో ఉందట. తెప్పించి విప్పితే, అసలు చిప్ అందులోనే అతుక్కుని ఉంది.

తాళం ఒక్కటే గానీ లోపల పనులు మూడు. లాక్‌ని తిప్పేది ఇనుప పలక. డోర్లు తెరిచేది రిమోట్, దానికి సెల్ కావాలి. ఇంజిన్‌కి అనుమతినిచ్చేది చిప్, దానికి సెల్ అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట 125 కిలోహెర్ట్జ్ దగ్గర దానికి కరెంటు అందించి మేల్కొలుపుతుంది, చిప్ జవాబు చెబుతుంది. జవాబు కుదరకపోతే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, ఇంజిన్‌ని నడవనివ్వదు. ఈ చిప్ కొన్ని తాళాల్లో రిమోట్ బోర్డు మీదే ఉంటుంది, అప్పుడు కవరు మార్చినా నష్టం లేదు. మిగతావాటిలో విడిగా, కవరు మూలలో ఇరుక్కుని ఉంటుంది: చిన్న నల్లటి ముక్క, లేదా సెంటీమీటరు పైచిలుకు గాజు గొట్టం. ప్లాస్టిక్‌లో భాగమనుకుని చెత్తబుట్టలో వేస్తారు.

పరీక్ష తేలిక. పాత కవరుని ఇగ్నిషన్ కన్నానికి ఆనించి పట్టుకుని, కొత్త తాళం తిప్పండి. స్టార్టయిందా, చిప్ దొరికినట్టే. గాజు గొట్టమైతే స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి, పగిలిందంటే కొత్త చిప్, దాన్ని బండి గుర్తుపట్టేలా చేసే ప్రోగ్రామింగ్, అదో ఖర్చు.

ఇంకో సంగతి: రెండు చిప్ తాళాలు ఒకే రింగుకి వేస్తే రెండూ ఒకేసారి పలికి, ఒక్కోసారి ఏదీ అర్థం కాదు. విడదీసి చూడండి.

బటన్ స్టార్ట్ బండి "కీ లేదు" అంటే

చాలావరకు రిమోట్ సెల్ అయిపోయి ఉంటుంది. చాలా బండ్లలో రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే పనవుతుంది. డోరు తెరవడానికి రిమోట్ పొట్టలోనే చిన్న ఇనుప తాళం దాగి ఉంటుంది. ఎక్కువగా పడేది సీఆర్2032 సెల్లే, తీసి నంబరు చూసి కొనండి.

తీగచుట్ట తెగడం, ఈసీయూ పోవడం అరుదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళలో మునిగిన బండైతే కనెక్టర్లు విప్పి తుప్పు చూడండి, లేకపోతే వాటి జోలికి పోవద్దు. రెండు తాళాలూ పోతే మాత్రం కొత్త తాళాన్ని ప్రోగ్రామ్ చేసే స్కానర్ బండి దగ్గరికే రావాలి. ఆర్‌సీ, ఆధార్ చేత్తో పట్టుకుని పిలవండి, అవి చూడకుండా నేనైతే తాళం కోయను.