గోడలో, సీలింగులో పెట్టిన స్పీకర్లు: సౌండ్ తేడా వస్తే ఎక్కడ వెతకాలి

ఇన్-వాల్, ఇన్-సీలింగ్ స్పీకర్లు పెట్టించుకున్నాక సౌండ్ నచ్చకపోతే ముందుగా తిట్లు తినేది స్పీకరే. చాలాసార్లు అది బాగానే ఉంటుంది. తేడా దాని వెనకున్న ఖాళీలోనో, దాన్ని మోస్తున్న జిప్సం బోర్డులోనో, సీలింగ్ మూయకముందు లాగిన వైరులోనో ఉంటుంది. మామూలు స్పీకరుకు చెక్క డబ్బా కంపెనీయే చేసి ఇస్తుంది. వీటిలో చాలావాటికి మన గోడే, మన సీలింగే డబ్బా. అందుకే కొత్త స్పీకర్ల ధర అడిగే ముందు ఆ డబ్బా సంగతి చూడాలి.

పనికి టార్చి, స్క్రూడ్రైవరు, మల్టీమీటరు, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. ఆంప్లిఫయర్ ప్లగ్ తీసేయండి. అదే సీలింగులో లైట్లకు 230 వోల్టుల వైర్లు ఉంటాయి కాబట్టి ఆ గది ఎంసీబీ కూడా దించాకే చెయ్యి లోపల పెట్టండి.

బేస్ పలచగా ఉంది, గొంతు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు

ఎడమది ఒక్కటే మోగించండి, తర్వాత కుడిది ఒక్కటే. విడివిడిగా నిండుగా ఉండి, రెండూ కలిశాక బేస్ మాయమైతే ఒకదానికి ప్లస్, మైనస్ తిరగబడ్డాయి. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. గ్రిల్ తీసి, ఆంప్ దగ్గర వైర్లు విప్పి, ప్లస్ అనుకుంటున్న వైరుకు సెల్ ప్లస్, రెండోదానికి మైనస్ ఒక్క క్షణం తాకించండి. స్పీకర్ కింద నిలబడ్డ మనిషికి చిన్న టప్‌మన్న చప్పుడుతో కోన్ (స్పీకర్ మధ్యలో కదిలే పొర) కిందికి కదలడం కనిపించాలి. పైకి లాగితే వైర్లు మార్చేయండి.

వైర్లు సరిగానే ఉంటే రిసీవర్ (హోమ్ థియేటర్ ఆంప్) సెట్టింగ్ చూడండి. ఆరున్నర అంగుళాల స్పీకర్లను లార్జ్ అని పెడితే అవి మోయలేని బేస్ వాటి నెత్తినే పడుతుంది. స్మాల్ అని మార్చి, క్రాసోవర్ (బేస్‌ను వేరే స్పీకరుకు మళ్లించే హద్దు) 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పెట్టి, ఆ కింది పని సబ్‌వూఫరుకు, అంటే బేస్ కోసమే ఉన్న స్పీకరుకు వదిలేయండి.

వాల్యూమ్ పెంచితే గరగర, టకటక

ఎక్కువ మంది స్పీకర్ పోయిందనుకునేది ఇక్కడే. అసలు మోగేది సీలింగ్. మన ఇళ్లలో ఫాల్స్ సీలింగ్ అంటే సాధారణంగా 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు, దాని పైన జీఐ చానెళ్లు, అంటే బోర్డును పట్టుకునే ఇనుప పట్టీలు. చానెల్‌కు చానెల్‌కు మధ్య బోర్డు ఊరికే వేలాడుతుంది. సరిగ్గా అక్కడ రంధ్రం కోసి స్పీకర్ బిగిస్తే, కోన్ కదిలినప్పుడల్లా బోర్డు కూడా కదులుతుంది.

ఫోనులో టోన్ జనరేటర్ యాప్ (ఒకే శ్రుతిని మోగించేది) పెట్టి, దాన్ని ఈ స్పీకర్లలో వినిపించేలా చేసి, తక్కువ వాల్యూములో 40 హెర్ట్జ్ నుంచి 200 దాకా మెల్లగా పెంచుకుంటూ వెళ్లండి. గరగర మొదలైన చోట ఆపి, టోన్ అలాగే మోగుతుండగా నిచ్చెనెక్కి అరచేత్తో ఒక్కో చోట నొక్కండి. స్పీకర్ చట్రం, గ్రిల్, పక్కనున్న డౌన్‌లైట్, ఏసీ గ్రిల్, కర్టెన్ రాడ్డు, ఏదీ వదలొద్దు. ఎక్కడ నొక్కితే చప్పుడు ఆగుతుందో దొంగ అక్కడే. డౌన్‌లైట్ స్ప్రింగ్ క్లిప్పులు, కోవ్ లైట్ కోసం బోర్డు మీద ఊరికే పడేసిన ఎల్ఈడీ డ్రైవర్ తరచుగా దొరికే దొంగలు. డ్రైవర్‌ను స్క్రూతో బిగించండి, క్లిప్పుల కింద పలచని ఫోమ్ టేపు అంటించండి.

బోర్డే మోగుతుంటే స్పీకర్ దించక తప్పదు. రంధ్రం సైజుకు కోసిన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రింగును రెండు ముక్కలుగా లోపలికి పంపి, బోర్డు పైన ఆనించి, కింది నుంచి స్క్రూలు వేయండి. అప్పుడు స్పీకర్ క్లాంపులు జిప్సాన్ని కాక చెక్కను పట్టుకుంటాయి. చట్రం అంచుకు ఫోమ్ గాస్కెట్ అంటించి మళ్లీ బిగించండి. క్లాంపు స్క్రూలకు మాత్రం డ్రిల్ మెషిన్ వాడొద్దు. ఒక్క చుట్టు ఎక్కువైనా జిప్సం పగులుతుంది, ఆ పగులే రేపటి గరగర. కొత్తగా కట్టిస్తున్నవాళ్లు మేస్త్రీకి ముందే చెప్పి స్పీకర్ వచ్చే చోట అదనంగా చానెల్ వేయించుకోవడం అన్నిటికంటే మంచి పని.

పాటలు బాగున్నాయి, సినిమాలో డైలాగులు అర్థం కావడం లేదు

డైలాగులు పలికే సెంటర్ స్పీకర్ కూడా సీలింగులో ఉందా? కారణం అదే. టీవీలో మనిషి మాట్లాడుతుంటే గొంతు నెత్తి మీంచి వస్తే చెవి ఒప్పుకోదు. నా మాట స్పష్టంగా చెబుతాను: టీవీ వైపు ఉండే మూడు స్పీకర్లు (ఎడమ, సెంటర్, కుడి) సీలింగులో పెట్టొద్దు. టీవీ వెనక ప్యానెల్ ఎలాగూ వేయిస్తారు కాబట్టి ఇటుక గోడను తవ్వే పని కూడా లేదు. ప్యానెల్ లోపలే ఇన్-వాల్ స్పీకర్లు, స్క్రీన్ కింద సెంటర్ పెట్టుకోవచ్చు. వెనక లోతు ఎంత కావాలో స్పీకర్ స్పెసిఫికేషన్లలో ఉంటుంది, ఆ కొలత కార్పెంటర్‌కు ముందే ఇవ్వండి. కూర్చునే చోటు నుంచి చూస్తే ఎడమ, కుడి స్పీకర్లు మధ్య గీతకు 22 నుంచి 30 డిగ్రీల పక్కకు రావాలి. సీలింగ్ జతను డాల్బీ అట్మాస్‌కు, అంటే పైనుంచి కూడా సౌండ్ వినిపించే సినిమా సౌండ్ పద్ధతికి వాడుకోండి. రెండే ఉంటే ఎదుటి నుంచి లెక్కేసి 65 నుంచి 100 డిగ్రీల ఎత్తు కోణంలో పెట్టమంటుంది డాల్బీ. తొమ్మిది అడుగుల సీలింగ్ అయితే సోఫా మీద తలకు నేరుగా పైన, లేదా రెండున్నర అడుగులు ముందు వరకు.

ఇప్పటికే పెట్టేశారు, మార్చలేరు అంటే గ్రిల్ తీసి చూడండి. చాలా మోడళ్లలో ట్వీటర్ (పై శ్రుతులు పలికే చిన్న స్పీకర్) వేలితో తిరుగుతుంది, దాన్ని సోఫా వైపు తిప్పండి. గ్రిల్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని కూడా చూడండి. సీలింగ్ రంగు కలవాలని పెయింటర్ దానిమీదే రోలర్ తిప్పి ఉంటే సగం చిల్లులు మూసుకుపోయి ఉంటాయి. అక్షరాల స్పష్టతనిచ్చే పై శ్రుతులు అక్కడే ఆగిపోతాయి. వెనకున్న పలచని గుడ్డ ఊడదీసి, పాత రంగు కడిగి, స్ప్రేతో పలచగా ఒక కోటు వేసి, గుడ్డ మళ్లీ అంటించాలి.

గదిలో చప్పట్లు కొడితే ఖంగుమని మోగుతోందా? విట్రిఫైడ్ టైల్స్, గాజు కిటికీలు, ఖాళీ గోడలు ఉన్న హాల్లో ఇది మామూలే. మందపాటి కర్టెన్లు, సోఫా ముందు కార్పెట్ వేశాక డైలాగులు మళ్లీ విని చూడండి.

హమ్ వస్తోంది

హమ్ అంటే పాట లేకపోయినా ఆగకుండా వినిపించే గుయ్‌మనే చప్పుడు. ఆంప్‌కు వచ్చే ఇన్‌పుట్ కేబుళ్లన్నీ తీసేయండి. హమ్ ఆగితే ఒక్కొక్కటే తిరిగి పెట్టండి. ఎక్కువగా సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చే కేబుల్ దగ్గరో, సబ్‌వూఫర్ వేరే స్విచ్‌బోర్డులో ఉండటం వల్లో ఎర్త్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలవడం) ఏర్పడుతుంది. అన్నీ ఒకే బోర్డుకు తెచ్చి చూడండి. ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని ఎవరైనా అంటే వినొద్దు, షాక్ కొడితే ప్రాణం మీదికొస్తుంది.

ఒకటి మోగడం లేదు, లేదా ఆంప్ తనంతట తానే ఆగిపోతోంది

ఆంప్ దగ్గర విప్పిన వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 8 ఓమ్‌ల స్పీకర్ సుమారు 6 లేదా 7 చూపిస్తుంది. సున్నా దగ్గరికి వస్తే ఎక్కడో షార్ట్, చాలాసార్లు టెర్మినల్ వెనక తప్పించుకున్న ఒక్క రాగి పోగు. ఏమీ చూపించకపోతే మధ్యలో తెగింది, లేదా పైపు లోపల టేపు చుట్టిన జాయింట్ వదిలేసింది. రెండు 8 ఓమ్‌లవి ఒకే టెర్మినల్‌కు పారలల్‌గా (ప్లస్‌లు రెండూ ఒకచోట, మైనస్‌లు రెండూ ఒకచోట) కలిపితే ఆంప్‌కు కనిపించేది 4 ఓమ్‌లే. వెనక లేబుల్ మీద అంత తక్కువకు అనుమతి లేకపోతే వేడెక్కి ఆగిపోతుంది. వాటిని సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలపండి, లేదా రెండోదానికి ఆంప్‌లో వేరే అవుట్‌పుట్ ఇవ్వండి.

వైరు కొన కత్తిరించి చూస్తే లోపల తెల్లగా ఉందా? అది రాగి పూత పూసిన అల్యూమినియం. 8 ఓమ్‌ల స్పీకరుకు 15 మీటర్ల లోపు 16 గేజ్, దాటితే 14 గేజ్ అసలు రాగి వైరు లాగించండి.

పై ఫ్లాట్ వాళ్లు గొడవ పెడుతున్నారు

వెనక తెరిచి ఉన్న స్పీకర్ కిందికి ఎంత పంపుతుందో సీలింగ్ ఖాళీలోకీ దాదాపు అంత పంపుతుంది. ఆ ఖాళీ పక్క బెడ్రూం దాకా కలిసి ఉంటే అక్కడా వినిపిస్తుంది. స్పీకరుకు సరిపడే బ్యాక్ బాక్స్ (వెనక మూసే పెట్టె) పెట్టించి, చుట్టూ చప్పుడును పీల్చే రాక్‌వూల్ పరిపించండి. బొద్దింకలు, బల్లులు స్పీకర్ వెనక చేరకుండా కూడా ఈ పెట్టె ఉపయోగపడుతుంది.

స్పీకర్ దించినప్పుడు టార్చి వేసి స్లాబు కూడా చూడండి. పై ఫ్లాట్ బాత్రూం నుంచి చెమ్మ దిగిన మరక ఉంటే, వాళ్లతో మాట్లాడి లీకేజీ ఆపించేదాకా స్పీకర్ తిరిగి పెట్టొద్దు.