చవక యాంప్లిఫయర్ కొనేముందు అడాప్టర్ వోల్టేజ్ చూడండి

టీపీఏ3116 చిప్‌తో వచ్చే చిన్న స్టీరియో యాంప్లిఫయర్లు ఇంట్లో పాటలు వినడానికి చక్కగా సరిపోతాయి. కానీ డబ్బా మీద రాసిన 100+100 వాట్లు నమ్మకండి. అసలు పవర్ ఎంతో అడాప్టరే చెప్పేస్తుంది. దాని వోల్టేజ్‌ని అదే అంకెతో గుణించి, స్పీకర్ ఓమ్‌లకు రెట్టింపుతో భాగించండి. 12 వోల్టుల అడాప్టర్, 8 ఓమ్ స్పీకర్ అయితే 144ని 16తో భాగిస్తే 9 వాట్లు. ఒక్కో ఛానెల్‌కి అంతే, అది దాటితే శబ్దం చీలిపోతుంది. అదే 24 వోల్టులైతే 36 వాట్లు.

కాబట్టి 24 వోల్టులు, 5 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చే పవర్ సప్లై) తీసుకోండి. కలిపేముందు మల్టీమీటర్‌తో ఒకసారి కొలవండి, ఈ చిప్‌కి పరిమితి 26 వోల్టులే. 4 ఓమ్ స్పీకర్లుంటే పాత లాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ చాలు, చిప్ కూడా తక్కువ వేడెక్కుతుంది.

ఇంకా గట్టిగా వినబడాలంటే వాట్ల వెంట పడకండి. పవర్ రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. సెన్సిటివిటీ అంటే ఒకే పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె. 84 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ 90 డెసిబెల్స్ దానితో సమానంగా మోగాలంటే నాలుగు రెట్ల పవర్ కావాలి. మంచి స్పీకర్ మీద పెట్టిన డబ్బే నయం.

వైరింగ్‌లో ఒకటి తప్పక గమనించండి. వీటిలో స్పీకర్ మైనస్ అంటే గ్రౌండ్ కాదు, అందులోనూ సిగ్నల్ ఉంటుంది. ఎడమ, కుడి మైనస్‌లు రెండూ కలిపినా, వాటిని యాంప్లిఫయర్ లోహపు బాడీకి తగిలించినా యాంప్లిఫయర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది, లేదా చిప్ కాలిపోతుంది.